మోచేయికి బెత్తెడు కింద

“అమ్మా, చేతులు కిందకి వదిలెయ్యండి. బిగపట్టకండి. ఊఁ, ఇప్పుడు మోచేయి వంచండి. కూర తరుగుతున్నాననుకోండి.”

ఆ ఇంటావిడ నవ్వాపుకుంటూ గాలిలో కూర తరిగింది. మేస్త్రీ ఆవిడ మోచేయి పక్కగా టేపు నిలబెట్టి, అక్కడి నుంచి బెత్తెడు కిందకి దిగి, ఆ అంకెను నోట్లోనే అనుకున్నాడు. ఇంత చేసినా ఆయన చెయ్యి ఆవిడకి తగలనే లేదు. వంటగట్టు ఎంత ఎత్తుండాలన్నది గదిని చూసి తేల్చేది కాదు, గట్టు దగ్గర నిలబడే మనిషిని చూసి తేల్చేది. మోచేయికి బెత్తెడు కింద గట్టు ఉంటే నడుం పట్టెయ్యదు, భుజం లాగదు. పని నేర్పిన పెద్దమేస్త్రీ ఈ ఒక్క ముక్కని తలలో మేకు దిగేసినట్టు దిగేసి పోయాడు. అప్పటి నుంచి ఈయన ఏ ఇంట్లో అడుగుపెట్టినా మొదట అనే మాట, “వంట చేసేదెవరో ఒకసారి పిలవండి” అని. మొగుడు వండే ఇల్లయితే మొగుణ్ణే నిలబెడతాడు.

పనిచేసే వడ్రంగి షాపులో ఆయన్ని నిచ్చెన మేస్త్రీ అంటారు. అంత పొడుగు. అటక తలుపు బిగించాలన్నా, పైకప్పు దగ్గర మేకు కొట్టాలన్నా స్టూలు కోసం వెతుక్కునే పని లేదు, మడమలెత్తితే చాలు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఏదో ఉంది గానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవరినా అని చూస్తాడు. జుట్టు నెరిసింది, భుజాలు కాస్త వాలాయి, ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో ఉలి దెబ్బకి రెండుగా చీలి అలాగే పెరుగుతోంది. మిగతా మనిషి పాతికేళ్ళప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

“మీ ఇంట్లో వంటగది ఎంత బాగుంటుందో మేస్త్రీ గారూ” అంది ఆ ఇంటావిడ, మోచేయి ఇంకా వంచే ఉంచి. “మీ ఆవిడ పెట్టిపుట్టింది.”

ఈ మాట ఆయన వినని ఇల్లు లేదు. ఇంతకుముందైతే మీసం చాటున ఓ నవ్వు నవ్వి ఊరుకునేవాడు. ఇవాళ నవ్వు రాలేదు. టేపు చుట్టి జేబులో పడేసుకుని, “మిగతాది రేపొచ్చి చూస్తానమ్మా. ఇంటి దగ్గర పనుంది” అన్నాడు.

ఇంటి దగ్గర పని. ఎవరింటి దగ్గరైనా సరే, ఆయన నోటికి తేలిగ్గా వచ్చే మాట. తన ఇంటి దగ్గర అనడానికి మాత్రం ముప్పై ఏళ్ళు పట్టింది.

సంగతేమిటంటే, కిందటి నెల ఆయన భార్య వంటగట్టు ముందున్న పెట్టె మీద నుంచి పడింది. పళ్ళకొట్టువాళ్ళు పారేసే చెక్కపెట్టె. దాన్ని బోర్లించి, దాని మీద నిలబడి ఆవిడ వంట చేస్తుంది. నిలబడితే భర్త చంక దాకా వచ్చే మనిషి, గట్టేమో ఆవిడ గుండెల ఎత్తుంది. వేడి గిన్నె దించుకుని దిగుతుంటే కాలు తప్పింది. గిన్నె ఒక పక్క, ఆవిడ ఒక పక్క. కుడి మణికట్టు విరిగింది. నెల తిరిగాక కట్టు విప్పారు గానీ, చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది. కూతురు వచ్చి ఆ నెల్లాళ్ళూ ఉండి అన్నీ చూసుకుంది. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి తండ్రితో ఒక మాట చెప్పింది.

“నాన్నా, వచ్చే ఆదివారం సాయంత్రం వస్తా. అప్పటికీ అమ్మ ఆ పెట్టె ఎక్కుతూ కనిపించిందా, నాతో తీసుకుపోతా. మళ్ళీ పంపేది లేదు.”

“చేస్తాలే” అన్నాడు ఆయన. సోమవారం మొదలుపెడదామనుకున్నాడు. సోమవారం ఎవరింట్లోనో తలుపు ఊడింది. ఆ తర్వాత షాపాయన తరుముకొచ్చాడు. ఆ మర్నాడు చెక్క రాలేదు. అలా అలా ఆదివారం నెత్తి మీదకి వచ్చి కూర్చుంది. అది కూడా సగం పొద్దు అయిపోయింది, ఆదివారమే కదా ఇళ్ళవాళ్ళు ఇళ్ళలో దొరికేది అని ఆయన పొద్దున్నే కొలతకి బయల్దేరాడు గనక. మనిషి తీరే అంత.

చెడ్డవాడా అంటే కాదు. తాగుడు లేదు, చెయ్యెత్తింది లేదు, తెచ్చింది తెచ్చినట్టు భార్య చేతిలో పోసేవాడు. మంచివాడని వీధి వీధంతా ఒప్పుకుంటుంది. మంచివాడితో వచ్చే చిక్కే అది, తిట్టుకుందామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

దారిలో షాపు దగ్గర ఆగి పెద్ద రంపం, డ్రిల్లు తీసుకున్నాడు. షాపాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

“ఏంటి నిచ్చెనా, సొంత ఇంటికా? ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు?”

“అమ్మాయి వస్తానంది” అన్నాడు మేస్త్రీ.

రంపం చంకన పెట్టుకుని బయటపడ్డాడు. భార్య వెళ్ళిపోతుందన్న భయం వారం నుంచి ఆయన్ని వదలడం లేదు. ఆవిడ ఇంట్లో ఉంటే వాళ్ళిద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారనీ కాదు. ఆయన ముందుగదిలో నడుం వాల్చి ఉంటే, లోపల మూత జారిన చప్పుడో, కుళాయి తిప్పిన చప్పుడో వినపడుతుంటుంది. ఆ చప్పుడు లేకపోతే ఆయనకి కునుకు పట్టదు. కూతురు ఉన్న నెల్లాళ్ళూ చప్పుడు మారిపోయింది, ఆయన నిద్రే పోలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఇల్లంటే ముందొక గది, పక్కనొక పడకగది, వెనక వంటగది. ఈ మూడు గదుల్లో చెక్క కనిపించిన చోటల్లా ఆయన చెయ్యే. గోడలోకి మడిచేసే బల్ల, చప్పుడు కాకుండా జారే సొరుగులు, పైకప్పు నుంచి తాడుతో దించుకునే బట్టల దండెం. వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు. బల్ల గొళ్ళెం ఆయన భుజం ఎత్తులో ఉంటుంది. దండెం తాడు ఆయన చెవి దగ్గర ముడి వేసి ఉంటుంది. అద్దం ఆయన మొహానికి సరిగ్గా ఉంటుంది. ఆ అద్దంలో ఆవిడకి తన నుదురు కనిపిస్తుంది, అదీ మునివేళ్ళ మీద నిలబడితే. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ తల దువ్వుకునేది చేతి గుర్తు మీదే.

వంటగది సంగతి వేరు. అది ఆయన ముచ్చటపడి చేసింది. ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, తిరిగొచ్చేసరికి ఇల్లు కొత్తగా కనిపించాలని, పగలంతా షాపులో పని చేసి వచ్చి సాయంత్రాలు దాని మీద కూర్చునేవాడు. గట్టుకి నాలుగు కాళ్ళు, గోడకి నాలుగంతస్తుల అర, అన్నిటికీ నీలం రంగు. కొలత తీసుకుందామంటే ఆవిడ ఊళ్ళో లేదు. రానీలే అని ఆగలేదు, ఉత్తరం రాసి అడగనూ లేదు, ముందే తెలిసిపోతే సరదా ఏముంటుంది. తన మోచేయి తనే వంచుకుని, బెత్తెడు కింద గుర్తు పెట్టుకుని, రంపం వేశాడు.

పిల్లని ఎత్తుకుని ఆవిడ వచ్చిన రోజున కళ్ళు మూయించి తీసుకెళ్ళి గట్టు ముందు నిలబెట్టాడు. ఆవిడ కళ్ళు తెరిచి, గట్టు వంక చూసి, తల వెనక్కి వాల్చి అర వంక చూసి, “ఎంత ఎత్తుగా ఉందో” అంది. ఆయన అది మెప్పనుకున్నాడు. మర్నాడు షాపులో అందరికీ చెప్పుకున్నాడు కూడా. ఆవిడ నోరు మెదపలేదు. ఎలా మెదుపుతుంది, మనిషి కళ్ళు దీపాల్లా వెలిగిపోతున్నాయి. చంటిపిల్లని చంకనేసుకుని వీధి చివర పళ్ళకొట్టుకి వెళ్ళి ఒక పెట్టె అడిగి తెచ్చుకుంది.

ఆ తర్వాత పెట్టెలు మారాయి గానీ గట్టు మారలేదు. కూతురికి కాస్త నిలబడటం వచ్చాక తనూ ఎక్కి అమ్మ పక్కన నిలబడేది. ఇద్దరూ ఆ పెట్టె మీద పడవలో వెళ్తున్నవాళ్ళలా ఊగుతూ గిన్నెలు కడిగేవాళ్ళు. కూతురికి తండ్రి పొడుగు వచ్చింది. పద్నాలుగో ఏట పెట్టె దిగిపోయింది, నేల మీద నిలబడితేనే అందింది. ఆ రోజే అడిగింది, “నాన్నా, అమ్మకి గట్టు తగ్గించొచ్చుగా” అని. “వచ్చే వారం చూద్దాం” అన్నాడు. ఒకసారి పెట్టె మరీ ఊగుతుంటే తనే కూర్చుని నాలుగు మేకులు కొట్టి గట్టి చేశాడు. చూడండి మనిషి తెలివి, పెట్టె బాగుచేశాడు గానీ అది అక్కడ ఎందుకుందో ఆలోచించలేదు.

ఆయన వచ్చేసరికి ఆవిడ నేల మీద కూర్చుని ఎడమ చేత్తో బట్టలు మడతపెడుతోంది. రంపం చూసింది.

“భోంచేసి మొదలుపెట్టు” అంది.

“తర్వాత. అమ్మాయి వచ్చేలోగా అవ్వాలి.”

ముందుగా అర ఖాళీ చేశాడు. కింది అరలో ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, టీపొడి, పప్పుల డబ్బాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. ఆ అంచు మీద నీలం రంగు ఎప్పుడో పోయి లోపలి చెక్క నున్నగా మెరుస్తోంది. రెండో అరలో నాలుగైదు గిన్నెలు, అవీ ముందు వరసలోనే. మూడోదీ నాలుగోదీ ఖాళీ. ఆయన మెడ ఎత్తాల్సిన పని కూడా లేదు, ఆయన కళ్ళకి తిన్నగా ఉన్నాయవి, ఇన్నేళ్ళూ. దుమ్ము కింద నీలం రంగు నిన్న వేసినట్టు ఉంది. పై అర మూలలో, తను ఆనాడు చిత్రిక పట్టినప్పుడు రాలిన చెక్కపొట్టు ఒకటి ఉంగరంలా చుట్టుకుని అలాగే పడి ఉంది.

“ఇక్కడేం పెట్టలేదేంటి?” అన్నాడు.

“ఎక్కడ?”

“పైన. రెండు అరలు ఖాళీగా ఉన్నాయి.”

“నాకేం తెలుసు” అంది ఆవిడ, దుప్పటి అంచులు కలుపుతూ. “అక్కడేముందో నేనెప్పుడు చూశాను గనక.”

ఆయన ఆ పొట్టుని వేళ్ళతో తీశాడు. తియ్యగానే పొడి అయిపోయింది. వేళ్ళు దులుపుకుని, స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. తుప్పు పట్టి అవి ఒక పట్టాన రాలేదు. అర కిందకి దిగాక గోడ మీద దాని ఆకారం తెల్లగా మిగిలింది. తర్వాత గట్టు ముందుకి లాగాడు. గట్టు అంచు మధ్యలో ఒకచోట, ఆవిడ ఛాతీ ఆనించి నిలబడే చోట, లోపలికి అరిగి ఉంది. నేల మీద పెట్టె నాలుగు మూలలూ నాలుగు గుంటలు పెట్టాయి. ఇంత పని తెలిసిన మనిషికి ఆ అరుగుదల ఏమిటో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆయనకి ముక్కు లోపల మండింది. చెక్కధూళి అనుకున్నాడు, కాదని తనకీ తెలుసు.

“ఇదిగో, ఇలా వచ్చి నిలబడు.”

ఆవిడ గోడకి చెయ్యి ఆనించుకుని లేచి వచ్చింది. గట్టు ఉండే చోట, ఖాళీ గోడ పక్కన నిలబడింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని టేపు తీశాడు.

“చేతులు కిందకి వదిలెయ్యండి. బిగపట్టకండి.”

ఆవిడ అటూ ఇటూ చూసింది.

“ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?”

ఆయన నాలుక్కరుచుకున్నాడు. “అలవాటు.”

“అబ్బో, అందరి ఆడవాళ్ళతోనూ ఇంత మర్యాదా. అయితే నాతోనూ అలాగే మాట్లాడు. ఇవాళ్టికి.”

“మోచేయి వంచండమ్మా” అన్నాడు ఆయన. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నవ్వి చాలా కాలమైంది.

ఆవిడ మోచేయి వంచింది. విరిగిన చెయ్యి, పిడికిలి పూర్తిగా మూసుకోవడం లేదు. ఎవరికీ చెయ్యి తగలనివ్వని మనిషి, ఈ మోచేతిని అరచేతిలోకి తీసుకున్నాడు. పిచికలా ఉంది. చర్మం కింద ఎముక గుండ్రంగా, చల్లగా తగిలింది. చెవి మీది పెన్సిలు తీసి, ఆ మోచేతిని గోడకి ఆనించి, దాని కిందుగా ఒక అడ్డగీత గీశాడు. గీత కొంచెం వణికింది.

“ఎంతమందితో అని ఉంటావు ఈ మాట?” అంది ఆవిడ.

“ఎవరు లెక్కపెట్టారు.”

“నాతో మాత్రం ఇప్పుడేగా.”

“నువ్వెప్పుడూ అడగలేదుగా.”

“వాళ్ళు అడిగారా మరి?”

గొంతులో నిష్ఠూరం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళు అడగలేదు. ఏ ఒక్క ఇంట్లోనూ ఎవరూ అడగలేదు, తనే పిలిచి నిలబెట్టాడు. అడక్కుండా చేసిన పని కాబట్టే కదా అందరూ ఆశ్చర్యపోయి, మీ ఆవిడ పెట్టిపుట్టింది అన్నది. ఆవిడ మోచేయి దించుకుని, దుప్పట్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

గట్టుని పడుకోబెట్టి కాళ్ళు కొయ్యడం మొదలుపెట్టాడు. పాత చెక్క, రంపానికి గట్టిగా అడ్డం తిరిగింది. చెమట ముక్కు మీద నుంచి కారి చెక్క మీద పడుతోంది. ఆకలి సంగతే మర్చిపోయాడు. ఒక్కో కాలి నుంచి జానెడు మీద రెండు వేళ్ళ పొడుగు ముక్క తెగి టకమని నేల మీద పడింది. నాలుగోది పడ్డాక ఆవిడ మళ్ళీ వచ్చి, వంగి, ఒక ముక్కని తీసి చేతిలో తిప్పి చూసింది.

“ఇదేనా తగ్గించాల్సింది?”

“అదే.”

“ఇంతేనా?”

“ఇంతే. ఇక అర దించి బిగించడమే. సాయంత్రానికల్లా అయిపోతుంది చూడు” అన్నాడు ఆయన, కాస్త గొప్పగానే.

“సాయంత్రానికల్లా” అంది ఆవిడ. ముక్కని తక్కినవాటి పక్కన పెట్టింది. వరసగా, జాగ్రత్తగా పెట్టింది. ఆయన డ్రిల్లు తీగ ప్లగ్గులో పెడుతున్నాడు, ఆవిడ మొహం చూడలేదు. చూసుంటే ఏమయ్యేదో నాకు తెలీదు, బహుశా ఏమీ అయ్యేది కాదు.

గట్టు నిలబెట్టాడు. గోడ మీద మరో రెండు గీతలు గీసి, పై రెండు అరలూ ఊడదీసి, కింది రెండింటినీ ఆవిడ చేతికి అందే ఎత్తులో బిగించాడు. పొయ్యి పెట్టి, గొట్టం తగిలించి, వెలిగించి చూశాడు. డబ్బాలు సర్దాడు. పని మొత్తం ఆయనకి తెలిసిన పనే, చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. కిటికీలో ఎండ పసుపు రంగుకి తిరిగేసరికి వంటగది తయారైంది. పొట్టిగా, ముద్దుగా, బొమ్మరిల్లులా ఉంది.

“ఏదీ, టీ పెట్టు. చూద్దాం” అన్నాడు.

ఆవిడ వచ్చి గట్టు ముందు ఆగింది. కుడికాలు దానంతట అదే గాల్లోకి లేచింది, పెట్టె ఎక్కడానికి. పెట్టె లేదు. కాలు మళ్ళీ నేల మీదే ఆనింది. ఆవిడ ఒక్క క్షణం తూలినట్టయి గట్టు అంచు పట్టుకుంది. తర్వాత పాలు పోసింది, టీపొడి వేసింది, పంచదార డబ్బా అందుకుంది. భుజాలు లేవలేదు, మడమలు లేవలేదు. ఆయన గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆవిడ వంట చేస్తుంటే వెనక నుంచి ఆయనకి కనపడింది ఎత్తి పట్టిన మోచేతులే. ఇవాళ అవి నడుం పక్కన ఒద్దికగా ఉన్నాయి. ఇంక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

ఆవిడ చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది.

“ఏమైంది?”

“ఏం లేదు, ఆవిరి.”

ఆయన గ్లాసు ఆయనకిచ్చింది. తను పోసుకోలేదు. గిన్నె కడిగి, చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, “ఇది ఎక్కడ తగిలించను?” అని అడిగింది. పాత మేకు ఎక్కడో పైనుంది. ఆయన టీ పక్కన పెట్టి, అప్పటికప్పుడు ఆవిడ భుజం ఎత్తు చూసి గోడ మీద గుర్తు పెట్టి ఒక కొక్కెం బిగించాడు. ఆవిడ గుడ్డ దానికి తగిలించి, పడకగదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. మడతపెట్టిన బట్టలు సర్దుకుంటోంది కాబోలు అనుకున్నాడు. నేల మీద రంపపుపొట్టు చిమ్మి, ఆ పెట్టెని తీసుకెళ్ళి పెరట్లో పడేశాడు.

పొద్దు వాలే వేళకి కూతురు వచ్చింది. చెప్పులు విప్పుతూనే లోపలికి తొంగిచూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత వెళ్ళి గట్టు పక్కన నిలబడింది. ఆ పొడుగుకి గట్టు తొడల దగ్గరికే వచ్చింది.

“నాన్నా, నువ్వేనా?”

“మరెవరు చేస్తారు” అన్నాడు ఆయన.

“అమ్మకి అచ్చంగా సరిపోతుంది.” కూతురి గొంతు మెత్తబడింది. వారం నుంచి తండ్రి మీద దాచుకున్న మాటలన్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గట్టు అంచుని అరచేత్తో తడిమింది. “సరేలే. నే ఓడిపోయా. అమ్మా, నువ్విక్కడే ఉందువుగాని. నేను మళ్ళీ వారం వచ్చి చూసిపోతా.”

తల్లి పడకగదిలోంచి వచ్చింది. తల దువ్వుకుని ఉంది. ఎడమ చేతిలో సంచి ఉంది.

“నేను వస్తున్నా” అంది.

కూతురు తండ్రి వంక చూసింది. తండ్రి సంచి వంక చూశాడు. అది నిండుగా ఉంది, పొట్ట ఉబ్బి ఉంది, ఒక రోజు కోసం సర్దిన సంచి కాదది.

“చేసేశాగా” అన్నాడు ఆయన. “చెప్పినట్టే చేసేశాగా. అన్నీ అందుతున్నాయిగా.”

“అందుతున్నాయి. చాలా బాగుంది. మాటవరసకి అనడం లేదు.” ఆవిడ సంచి కింద పెట్టింది. “టీ పెడుతుంటే చేతులు ఎటు వెళ్ళాలంటే అటు వెళ్ళాయి. వంట చెయ్యడం ఇంత హాయిగా ఉంటుందా అనిపించింది. ఇన్నాళ్ళూ నేనేమనుకునేదాన్నో తెలుసా. గట్టు దించాలంటే గోడ పగలగొట్టాలేమో, నెలలు పడుతుందేమో, ఈయనకి అంత తీరిక ఎక్కడిది పాపం అనుకునేదాన్ని. అందుకే అడగలేదు. ఒక్క పూట పనట. నాలుగు చెక్కముక్కలు.”

ఆయన వరసగా పెట్టి ఉన్న ఆ నాలుగు ముక్కల వంక చూశాడు.

“తప్పయిపోయింది” అన్నాడు ఆయన.

“తప్పని నేననలేదు. నీ మీద కోపం కూడా లేదు. కోపమే ఉంటే ఇక్కడే ఉండి రోజూ నిన్ను సాధిస్తూ కూర్చునేదాన్ని. అది కూడా రావట్లేదు. అక్కడ నిలబడితే చాలు, ఇన్నేళ్ళు ఎక్కినవీ దిగినవీ అన్నీ ఒక్కసారే కాళ్ళలోకి వస్తున్నాయి. నా వల్ల కాదయ్యా.”

“ఎన్నాళ్ళు?”

“తెలీదు.”

ఆయన నోటికి ఉండు అన్న మాట వచ్చింది. ఉండమని చెప్పడానికి ఎంత హక్కు ఉందో అని లోపల ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. బతిమాలడం ఆయనకి చేతనైన పని కాదు. చేతనైన పని పొద్దున్నుంచీ చేశాడు, అది కూడా సరిపోలేదు. ఆవిడ సంచి అందుకోబోతే ఆయనే తీసుకున్నాడు. వీధి దాకా మోసుకెళ్ళి ఆటోలో పెట్టాడు. ఆవిడ ఎక్కి కూర్చుని, ఆయన మొహం అందడానికి ఆయన వంగేదాకా ఆగింది.

“పాలు కాచి ఉన్నాయి. గట్టు దగ్గర ఒంగి చెయ్యకు, నడుం పట్టేస్తుంది నీకు. కుర్చీ వేసుకో” అంది.

నిజంగా ఆయన నడుం గురించే అంది. అందులో ఇంకేమీ లేదు. ఆటో వెళ్ళిపోయింది. కూతురు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, ఆవిడ చూడలేదు.

ఆయన లోపలికి వచ్చాడు. వంటగదిలో ఇంకా వెలుతురు ఉంది. ఏం చెయ్యాలో తెలియక, చెయ్యడానికి మిగిలిన పని చేశాడు. పని అప్పగించే ముందు గోడ మీద పెన్సిలు గీతలు తుడిచెయ్యడం ఆయనకి ఊపిరి తియ్యడమంత అలవాటు, గీత కనపడితే పని కానట్టే లెక్క. కొక్కెం మీది గుడ్డ ఇంకా తడిగానే ఉంది. దాన్ని అందుకుని అర కింది గీతలు తుడిచాడు. కొక్కెం పక్కన గుర్తు తుడిచాడు. గట్టు మీదకి ఒంగి అక్కడున్న అడ్డగీతని కూడా ఒక్క చేతి విసురుతో తుడిచేశాడు. చెయ్యి ఆగిన తర్వాత తెలిసింది, ఏది తుడిచాడో.

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కిటికీ వెలుగు ఏటవాలుగా పడేలా తల వంచి గోడ వెతికాడు. ఏమీ లేదు. ఆయన తుడిస్తే ఏదీ మిగలదు, అంత శుభ్రంగా తుడుస్తాడు. గట్టుకి బెత్తెడు పైన మళ్ళీ గీసుకోవచ్చు, అది ఎవరైనా గీయొచ్చు. వణికిన గీత మళ్ళీ రాదు, ఆ చెయ్యి అక్కడ లేదు. ఆయన గోడకి నుదురు ఆనించి, ఎవరూ లేరు గనక, చప్పుడు చేస్తూనే ఏడ్చాడు.

లేచాక గుడ్డని కుళాయి కింద పెట్టబోయి ఆగాడు. ఉతకలేదు, పిండలేదు. నడుం వంచి, ఆవిడ భుజం ఎత్తులో ఉన్న ఆ కొక్కేనికే మళ్ళీ తగిలించాడు. తడి ఆరుతున్న ఆ గుడ్డ మడతలో, చిటికెన వేలంత మేర, పెన్సిలు నలుపు అంటుకుని ఉంది.